కెమెరా వెనక నుంచున్నాక

“టీవీల పనిచేస్తవు గదా, మరి ఏనాడూ కనపడవేందే?” అని మా మేనత్త ఇరవై ఏళ్ళుగా అడుగుతూనే వుంది. కనపడకుండా చేసేది కూడా ఒక ఉద్యోగమేనని ఆమెకి చెప్పడం నావల్ల కాలేదు. ఆడపిల్ల టీవీలో చేస్తోందంటే వార్తలైనా చదవాలి, నవ్వుతూ పాటలైనా పరిచయం చెయ్యాలి. బొమ్మలో వుండాల్సిన మనిషి బొమ్మ తీసేచోట ఎందుకుంటుందని ఆమె సందేహం. నిజానికి ఆ సందేహం మా ఆఫీసులో చదువుకున్న వాళ్ళకీ వుండేది. ఆమె పైకి అనేసింది, వాళ్ళు లోపల దాచుకున్నారు, అంతే తేడా.

2003లో హైదరాబాదులో ఒక ప్రైవేటు చానల్లో టెక్నికల్ ట్రైనీగా చేరాను. మహిళా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి వచ్చినదాన్ని. మొదటి రోజు గేటు దగ్గర సెక్యూరిటీ అతను అడక్కుండానే “మేకప్ రూం ఎడంపక్క” అని దారి చూపించాడు. లోపల పెద్దాయన “ఎడిటింగ్‌లో వేస్తాంలే అమ్మా, ఏసీలో కూచుని చేసుకునే పని” అన్నాడు. ఫ్లోర్ మీద కెమెరా నేర్చుకుంటానన్నాను. ఆయన నా వేపు కాదు, నా భుజాల వేపు చూశాడు. “బరువు” అన్నాడు.

తమిళంలో ‘చిన్న వీడు’ సినిమా 1985లో వచ్చింది. దానికి ఛాయాగ్రహణం బి.ఆర్. విజయలక్ష్మి. ఆసియాలో మొదటి మహిళా సినిమాటోగ్రాఫర్ అని ఆమెకి పేరు. నేను ఉద్యోగంలో చేరేనాటికి అది జరిగి పద్దెనిమిదేళ్ళయింది. సినిమా కెమెరా అయినా, మా స్టూడియో కెమెరా అయినా ఆడదాని ముందు నిలబెట్టే మొదటి మాట మాత్రం మారలేదు. బరువు.

ఆ బరువు సంగతి ముందు చెప్తాను. స్టూడియో కెమెరాని భుజాన మోయరు. పెడస్టల్ అనే చక్రాల స్తంభం మీద వుంటుంది. కెమెరా, పెట్టెలాంటి లెన్సు, దాని ముందు వార్తలు చదివేవాళ్ళకి అక్షరాలు చూపించే ప్రాంప్టరు అన్నీ కలిసి నలభై యాభై కిలోలైనా వుంటాయి. అయితే స్తంభంలో గ్యాస్ ఒత్తిడో, ఎదురు బరువులో వుంటాయి. పైనున్న బరువుకి సరిపడా దాన్ని ఒకసారి సమతూకం చేశామంటే, చుట్టూ వున్న రింగుని రెండు వేళ్ళతో లేపితే పైకి లేస్తుంది, వదిలితే అక్కడే నిలబడుతుంది. ఆ యంత్రాన్ని తయారుచేసిందే బరువు అనే మాట లేకుండా చెయ్యడానికి. మొదటిసారి వేళ్ళతో లేపి చూసినప్పుడు నాకు సంతోషం కంటే కోపం ఎక్కువొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ బరువు చూపించే కదా మనల్ని బయట నిలబెట్టింది!

బరువు లేదుగానీ ఎత్తు వుంది. వార్తలు చదివే బల్లని నేలమీద పెట్టరు, అడుగు మందాన చెక్క వేదిక కట్టి దానిమీద పెడతారు. కూచున్న మనిషి కళ్ళు, నిలబడ్డ కెమెరామన్ కళ్ళు ఒకే మట్టంలోకి రావాలని. ఆ నిలబడ్డ మనిషి ఎవరు? సగటు మగవాడు. నేను అయిదడుగుల దాన్ని. వ్యూఫైండర్ నా నుదుటి మీద వుండేది. మా కార్పెంటరుతో ఒక పీట కొట్టించుకున్నాను. కెమెరా ఎటు పోతే పీటని కాలితో అటు తోసుకుంటూ మూడేళ్ళు పనిచేశాను. వ్యూఫైండర్‌ని విడిగా కిందికి వంచుకునే వీలుందని, దానికొక మర వుందని, ఆ మర బిగించి వుందని మూడేళ్ళ తర్వాత తెలిసింది. ఎవరూ దాచిపెట్టలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు. మనకి చాలా విషయాలు ఇట్లాగే తెలీకుండా వుండిపోతాయి.

పని నేర్పింది ఒక పెద్ద వయసు ఇంజనీరు. 1977లో హైదరాబాదులో దూరదర్శన్ మొదలైన తర్వాతి రోజుల్లో ట్యూబు కెమెరాలతో పనిచేసి వచ్చినాయన. నేను “సార్” అనేదాన్ని, ఆయన “ఏమ్మా” అనేవాడు. పొద్దున్నే ఆరింటికి లైనప్. కెమెరాలన్నీ ఆన్ చేసి ఇరవై నిమిషాలు వేడెక్కనివ్వాలి. తర్వాత లెన్సు మూసి బ్లాక్ బాలెన్స్. కెమెరాకి చీకటి అంటే ఏమిటో ముందు చెప్పాలి అనేవాడాయన. వెలుగు సంగతి తర్వాత. స్టూడియో లైట్లు 3200 కెల్విన్ కాబట్టి ఫిల్టరు చక్రాన్ని అక్కడికి తిప్పి, తెల్ల కార్డు చూపించి వైట్ బాలెన్స్. నలుపు నించి తెలుపు దాకా బూడిదరంగు మెట్లున్న చార్టుని పెట్టి, వేవ్‌ఫామ్ మానిటర్‌లో తెలుపు 0.7 వోల్టు దాటకుండా, నలుపు అడుగున నలిగిపోకుండా సర్దడం. చుక్కల్లా గీతలు విరిసిన నక్షత్రం చార్టు మీద బ్యాక్ ఫోకస్. జూమ్ పూర్తిగా లోపలికి వెళ్ళి ఒకసారి, వెనక్కి వచ్చి ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఇది సరిగ్గా లేకపోతే దగ్గరగా స్పష్టంగా వున్న మనిషి దూరం జరగ్గానే మసకబారిపోతుంది. చివరికి మూడు కెమెరాలూ ఒకదానితో ఒకటి సరిపోలాలి. ఒక కెమెరా నించి ఇంకో కెమెరాకి మారితే చీర రంగు మారకూడదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. స్టూడియోలో కెమెరా దగ్గరున్న మనిషికి వెలుతురు మీద అధికారం వుండదు. ఐరిస్, నలుపు, రంగులు అన్నీ సి.సి.యు. దగ్గర, కంట్రోల్ రూం పక్కన కూచున్న ఇంజనీరు చేతిలో వుంటాయి. మన చేతిలో వుండేవి మూడే. ఫ్రేము, ఫోకస్, జూమ్. ఈ మూడింటి సంగతి తర్వాత చెప్తాను.

లైనప్‌లో ఆఖరి మెట్టు మనిషి మొహం. చార్టు అయ్యాక ఎవరో ఒకరిని కుర్చీలో కూచోబెట్టి చర్మం రంగు చూసుకుంటారు. రోజూ రిసెప్షన్‌లో వుండే పచ్చటి పిల్లని పిలిచేవాళ్ళు. ఒకరోజు ఆమె రాలేదు, నన్ను కూచోమన్నారు. నేను నల్లగా వుంటాను. టాక్‌బ్యాక్‌లో ఎవరో “ఐరిస్ మొత్తం తెరిచినా ఏమీ రావట్లేదు, కరెంటు పోయిందా?” అన్నారు. హెడ్‌సెట్ పెట్టుకున్న ఏడుగురూ నవ్వారు. నా హెడ్‌సెట్ నా తలకే వుంది. ఆ మాట నా చెవిలోనే పడింది. నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానో ఆడవాళ్ళకి వివరించక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం సార్ నన్ను వెక్టర్‌స్కోపు ముందు కూచోబెట్టాడు. గుండ్రటి తెరమీద రంగులు ఏ దిక్కున ఎంత దూరంలో వున్నాయో చూపించే పరికరం అది. రిసెప్షన్ అమ్మాయి మొహం చూపించాడు. ఎరుపుకీ పసుపుకీ మధ్య ఒక గీత వేపు వెలుగు పోయింది. నా మొహం చూపించాడు. అదే గీత. ఆయన తన చెయ్యి పెట్టాడు. అదే గీత. తెల్లవాళ్ళయినా, ఆఫ్రికా వాళ్ళయినా, మనమయినా చర్మం రంగు సుమారుగా ఆ గీత దగ్గరే పడుతుంది. మారేది వెలుతురు మట్టం, రంగు చిక్కదనం. “నువ్వు వేరే రంగు కాదమ్మా, వేరే వెలుతురు” అన్నాడు. నా పుట్టుక నించి ఎన్ని మాటలు విన్నానో, ఏ మాటా ఆ తెరమీది గీత చెప్పినంత సూటిగా చెప్పలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను, ఇది మా స్టూడియో కథ మాత్రమే కాదని. కొడాక్ కంపెనీ ఫోటో లాబులకి రంగు సరిచూసుకోడానికి ఒక కార్డు పంపేది. దానిమీద తెల్ల స్త్రీ బొమ్మ. ‘షర్లీ కార్డు’ అనేవాళ్ళు. ఆమె చర్మం సరిగా వస్తే ఫోటో సరిగా వచ్చినట్టు. కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ 2009లో దీనిమీద వివరంగా రాసింది. మా రిసెప్షన్ అమ్మాయి మా షర్లీ అన్నమాట. ఆమెకీ అది గౌరవమేం కాదు. రోజూ అరగంట ముందొచ్చి కదలకుండా కూచోవాలి, దానికి జీతంలో ఏమీ కలవదు.

నల్లటి మొహాన్ని చూపించడానికి ఐరిస్ తెరవడం తప్పని అప్పుడే నేర్చుకున్నాను. తెరిస్తే వెనకున్న లేత రంగు సెట్టు తెల్లగా కాలిపోతుంది, మొహం బూడిద కొడుతుంది. తెల్లచర్మం వేవ్‌ఫామ్ మీద డెబ్భై శాతం దగ్గర నిలబడుతుంటే దీన్నీ అక్కడికే ఎక్కించాలని చూడటమే అసలు పొరపాటు. నలుపు నలుపుగానే వుండాలి. అందులోని గీతలు, మెరుపు, చెంప ఎముక కనపడాలి. దానికి బ్లాక్ గామా కొంచెం ఎత్తాలి. పక్కనించి వెడల్పాటి మెత్తటి వెలుతురు పెట్టాలి. జుట్టు సెట్టులో కలిసిపోకుండా వెనక ఒక లైటుండాలి. వెనక గోడ కొంచెం ముదురు చెయ్యాలి. పది నిమిషాల పని. పది నిమిషాలు ఎవరికోసం కేటాయిస్తామన్నదే ప్రశ్న.

2006లో బీడీ కార్మికుల మీద చర్చ పెట్టారు. నిజామాబాద్ జిల్లా నించి ఒకావిడ వచ్చింది. అరవై దాటి వుంటాయి. మేకప్ రూం నించి వచ్చేసరికి మొహానికి లేతరంగు పాన్‌కేకు పట్టించి పంపారు. మెడ దగ్గర గీత గీసినట్టు రంగు ఆగిపోయింది. ఆమె అద్దం చూసుకుని నాతో అంది: “బిడ్డా, గీ మొఖంతోని ఇంటికి వోతే నా మనుమరాలు నన్ను గుర్తువడ్తదా?” నేను ఆమెని తీసుకెళ్ళి కడిగించాను. మేకప్ అతనికి కోపమొచ్చింది. సార్‌ని బతిమాలి ప్రోగ్రామ్ ముందు ఆమెనే కుర్చీలో కూచోబెట్టి కెమెరా త్రీని ఆమె మొహానికి సెట్ చేశాం. లైటు జరిపించాం. మానిటర్‌లో చూపిస్తే ఆమె చాలాసేపు చూసుకుంది. “నేనే ఉన్న” అంది. నా ఉద్యోగ జీవితంలో అంత గర్వపడ్డ నిమిషం ఇంకోటి లేదు.

ఆమె కంగారు తగ్గించడానికి నాకు తెలిసింది చెప్పాను. “పెద్దమ్మా, మూడు కెమెరాలుంటాయి. దేనిమీద ఎర్రదీపం వెలిగితే దాంట్లో మీరు కనపడుతున్నట్టు. మీది నాదే. భయపడకండి.”

చర్చ మొదలైంది. ఆమె బాగా మాట్లాడింది. వెయ్యి బీడీలకి ఇచ్చే ఆకు వెయ్యికి చాలదని, తక్కువపడ్డ ఆకు తామే కొనుక్కోవాలని, చేసిన బీడీల్లో బాగాలేవని తీసిపారేసినవాటికి కూలి ఇవ్వరని, పీఎఫ్ కార్డు లేనివాళ్ళు ఎందరో వున్నారని వేళ్ళమీద లెక్క చెప్పింది. చేతులు చూపిస్తూ చెప్పింది. చూపుడువేలి గోరు అరిగిపోయి వుంది. ఆ చేతుల మీదికి నేను షాట్ తీసుకెళ్ళాను. ఎవరూ దాన్ని కట్ చెయ్యలేదు. అప్పుడు యాంకరు, చెవిలో ఎవరు చెప్పారో గానీ, చనిపోయిన ఆమె కూతురి సంగతి అడిగింది. ఆమె ఆగింది. పెదవి వణికింది.

నా చెవిలో డైరెక్టర్ గొంతు: “త్రీ, టైట్. ఇంకా. కళ్ళు. కళ్ళు.”

జూమ్ కుడిచేతి బొటనవేలి కింద వుంటుంది. ఎంత నొక్కితే అంత వేగం. నేను నొక్కాను. ఎడంచేత్తో ఫోకస్ పట్టుకున్నాను. చాలా బాగా చేశాను. ఎక్కడా మసక రాలేదు, కుదుపు రాలేదు. ఎర్రదీపం వెలిగింది. ఆమె దీపం చూసింది. నేను నేర్పిన పాఠమే. చూసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఫ్రేము నిండా చీరకొంగు. “వదలకు త్రీ, హోల్డ్” అన్నాడు. నేను వదల్లేదు.

ఆకు తక్కువ ఇవ్వడం గురించి ఆమె చెప్పింది మర్నాటి రిపీట్‌లో సగం పోయింది. కొంగు షాటు మాత్రం ఆ నెలంతా ప్రోమోలో వచ్చింది. “మంచి షాట్” అని నన్ను మెచ్చుకున్నారు. ఆడపిల్ల కాబట్టే అంత సున్నితంగా తీసిందన్నారు కూడా.

వెళ్ళేటప్పుడు ఆమె అడిగింది: “గా దీపం ఆర్పరాకపోతివా బిడ్డా?”

“దీపం నా చేతిలో వుండదు పెద్దమ్మా” అన్నాను. అది నిజమే. ఏ కెమెరా ప్రసారంలో వుంటే దాని దీపం స్విచ్చరు దగ్గర నించి దానంతటదే వెలుగుతుంది. కానీ ఆమె దీపం గురించి అడగలేదని మా ఇద్దరికీ తెలుసు. జూమ్ నా చేతిలోనే వుంది.

లారా మల్వీ 1975లో రాసిన వ్యాసం గురించి మీలో చాలామందికి తెలిసే వుంటుంది. తెరమీద స్త్రీని చూసే చూపు మగవాడిదని. ఆ మాట విన్నప్పుడు నేను అనుకునేదాన్ని, కెమెరా దగ్గర ఆడది నిలబడితే ఆ చూపు మారిపోతుందని. అట్లా ఏమీ మారదు. నిలబడటానికి నేను పడ్డ అవస్థ అంతా నిజమే. నిలబడ్డాక నా వేలు వేరేవాళ్ళ గొంతుకి లొంగిందన్నదీ నిజమే. చోటు సంపాదించినదాన్ని పోగొట్టుకుంటానేమోనన్న భయం చోటు లేనప్పటి భయం కన్నా పెద్దది. దాన్ని నేను తక్కువ అంచనా వేశాను.

కొన్నాళ్ళకి జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు తీసిన వీడియోలు చూశాను. అక్షరాలు రాని వ్యవసాయ కూలీలు కెమెరా నేర్చుకుని 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. షాట్లకి వాళ్ళు పెట్టుకున్న పేర్లు విని నేను ఉలిక్కిపడ్డాను. కిందనించి పైకి చూసేది ఒకటి. గద్దెమీద కూచున్న దొరని కూలీ తలెత్తి చూసినట్టు. పైనించి కిందికి చూసేది దానికి ఎదురు, దొర జీతగాణ్ణి చూసే చూపు. కళ్ళకి కళ్ళు సమంగా వుండేది ‘సంగం షాట్’. సంఘంలో అందరూ ఒకే చాపమీద కూచుంటారు కాబట్టి. నేను డిప్లొమాలో, ట్రైనింగ్‌లో లో యాంగిల్, హై యాంగిల్, ఐ లెవెల్ అని చదివాను. పరీక్షలో రాశాను. అవి ఎవరి చూపులో ఎవరూ అడగలేదు.

మర్నాడు మా చర్చల సెట్టుని కొత్తగా చూశాను. యాంకరుకి ఎత్తు కుర్చీ. పల్లెల నించి వచ్చేవాళ్ళకి కూచుంటే కిందికి దిగిపోయే సోఫా. కెమెరా నిలబడ్డ మనిషి ఎత్తులో. అంటే ఇన్నేళ్ళూ మేం వాళ్ళందర్నీ దొర చూపుతోనే చూశాం. పెడస్టల్‌ని రెండు వేళ్ళతో కిందికి దింపాను, వాళ్ళ కళ్ళ మట్టానికి. వ్యూఫైండర్ పైకి వంచుకున్నాను. నా పీట అవసరం కూడా తీరిపోయింది.

అప్పట్నించీ నేను డైరెక్టర్లని ధిక్కరించానని చెప్పను. అంత ధైర్యం నాకు లేదు. ఇంటి అద్దె, చెల్లెలి చదువు వున్నాయి. ఒక చిన్న ఉపాయం పట్టుకున్నాను. కన్నీళ్ళొచ్చే సమయానికి నా కెమెరా కొంచెం వెనక్కే వుండేది. ‘టైట్’ అన్నప్పుడు నెమ్మదిగా వెళ్ళేదాన్ని. నేను చేరేలోపల ఆ నిమిషం దాటిపోయేది. తీయని షాటుని ఎవరూ కట్ చెయ్యలేరు. ఆర్నెల్లకి “నువ్వు స్లో అయిపోయావమ్మా” అని నన్ను చర్చల నించి తీసి వంటల ప్రోగ్రామ్‌కి వేశారు. అక్కడ రెండేళ్ళు పోపు గింజలు చిటపటలాడటం తీశాను. దాన్ని శిక్ష అనుకోమంటారా, బహుమతి అనుకోమంటారా, నాకిప్పటికీ తేలలేదు.

ఇప్పుడు చాలా న్యూస్ స్టూడియోల్లో ఫ్లోర్ మీద మనుషులు లేరు. పెడస్టల్ రోబోట్ అయింది. ఎత్తు, ఫ్రేము, జూమ్ అంకెల్లో ముందే దాచిపెట్టి వుంటాయి, కంట్రోల్ రూంలో ఒక మీట నొక్కితే కెమెరా తనే కదులుతుంది. బరువు అన్న సాకు పూర్తిగా పోయింది. ఆ సాకుతో పాటు, ఎందరో పోరాడి సంపాదించుకున్న ఆ ఉద్యోగమూ పోతోంది. నేను సి.సి.యు. వైపుకి మారాను. ఆ అంకెలు దాచిపెట్టేది నేనే. అతిథుల కుర్చీకి పెట్టే ఎత్తు అంకె ఒకటి వుంటుంది, దాన్ని ఎవరైనా మార్చారేమో అని రోజూ పొద్దున చూసుకుంటాను.

లైనప్‌కి ఇప్పుడు ఒక్కరినే కూచోబెట్టను. యాంకరు, కాంటీన్‌లో చాయ్ తెచ్చే అబ్బాయి, ఊడ్చే లక్షణమైన నల్లటి మనిషి, నేను. కొత్తగా వచ్చిన ట్రైనీ అమ్మాయి మొన్న కూచోనంది. “నా మొహం బాగా రాదు మేడమ్” అంది. వెక్టర్‌స్కోపు ఆమె వేపు తిప్పాను.

ఆమెకి గీత గురించి చెప్పాను. ఎర్రదీపం గురించి చెప్పాను. బీడీలు చుట్టే ఆ పెద్దమ్మ గురించి ఇంకా చెప్పలేదు. చెప్పాలి. పని పూర్తిగా నేర్పడమంటే నేను చేసింది కూడా చెప్పడమే కదా.